జీతం, విశ్వాసం, ఒప్పందం: వృత్తి ఫుట్‌బాల్ వివాదాలు – హైదరాబాద్ అనుభవం

వ్యాససంగ్రహం

వృత్తి ఫుట్‌బాల్‌లో ఆటగాడు ఒక క్లబ్బును విడిచి మరో క్లబ్బుకు వెళ్లినప్పుడల్లా ‘డబ్బు కోసం పోయాడు’ అన్న నింద వినిపిస్తుంది. ఒప్పందం ముగిశాక వెళ్లడం, ఒప్పందం నడుమ వెళ్లడం, జీతం అందక వెళ్లడం అనే మూడు వేర్వేరు సందర్భాలను ఈ నింద ఒకే గాటన కడుతోంది. ఈ మూడింటి మధ్య ఉన్న నైతిక, న్యాయపరమైన భేదాన్ని హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1950ల నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, కలకత్తా క్లబ్బులకు సాగిన వలస, 2019లో ఏర్పడి 2025లో నగరాన్ని వీడిన హైదరాబాద్ ఎఫ్‌సి ఇందులో ప్రధాన పరిశీలనాంశాలు. జీతం సక్రమంగా అందిన చోటనే ఆటగాడి నిబద్ధతను పరీక్షించగలమని, అందని చోట ఆ ప్రశ్నను ముందుగా క్లబ్బునే అడగాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

కీలకపదాలు: వృత్తి ఫుట్‌బాల్, ఒప్పందం, నిబద్ధత, జీతబకాయిలు, హైదరాబాద్ ఎఫ్‌సి, ఫిఫా నిబంధనలు, కలకత్తా వలస.

1. ప్రవేశిక

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన తుదిపోరు 1-1తో సమం కాగా, పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ 3-1తో గెలిచింది. రెండేళ్లు తిరిగేసరికి అదే క్లబ్బు 2023-24 సీజన్‌ను 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపుతో, 8 పాయింట్లతో, 12 జట్ల పట్టికలో అట్టడుగున ముగించింది. ఈ పతనాన్ని ఆటలోని లోపాలతో మాత్రమే వివరించలేం. జీతబకాయిలు పేరుకుపోయి, ఆటగాళ్లు ఒకరి తరువాత ఒకరుగా వెళ్లిపోవడంతో జట్టు ఖాళీ అయింది.

అలా వెళ్లిన ఆటగాళ్లను విశ్వాసం లేనివారనవచ్చునా? గెలిచిన రోజుల్లో భుజాలకెత్తుకున్న నగరాన్ని కష్టకాలంలో వదిలి వెళ్లడం తప్పేనా? అభిమాని మనసులో పుట్టే ఈ ప్రశ్న సహజమైనదే. అయితే దీనికి సమాధానం చెప్పాలంటే ‘విశ్వాసం’ అనే మాటను మనం ఏ అర్థంలో వాడుతున్నామో ముందుగా తేల్చుకోవాలి. అందుకు న్యాయశాస్త్ర గ్రంథాలతో పాటు మన భాషలో, మన పల్లెల్లో పాతుకుపోయిన జీతపు సంబంధాలను కూడా పరిశీలించవలసి ఉంటుంది.

2. విశ్వాసం: తెలుగు వాడుక చెప్పే అర్థం

యజమాని పట్ల పనివాడి విశ్వాసాన్ని చెప్పడానికి తెలుగులో ప్రసిద్ధమైన మాట ‘ఉప్పు తిన్న విశ్వాసం’. విశ్వాసం తప్పినవాణ్ణి ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు’ అంటాం. ఈ రెండు మాటల్లోనూ ‘తినడం’ అనే క్రియ ముందుగా ఉంది. పెట్టిన ఇల్లు ఉంటేనే తిన్నింటి ప్రస్తావన వస్తుంది. అంటే విశ్వాసం ఏకపక్షమైన గుణంగా కాక, పెట్టడం, తినడం అనే ఇచ్చిపుచ్చుకోవడంలో రెండవ మెట్టుగా మన భాషలో కనిపిస్తుంది. ఉప్పు పెట్టని ఇల్లు విశ్వాసాన్ని ఏ ప్రాతిపదికన అడుగుతుందన్న ప్రశ్నకు ఆ నుడికారంలోనే సమాధానం ఉంది.

నల్లగొండ జిల్లా నిడమనూరు, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి కోదాడ వరకు విస్తరించిన నాగార్జునసాగర్ ఎడమకాలువ కింది పల్లెల్లో ‘జీతం ఉండడం’ అనే మాట పెద్దతరానికి బాగా పరిచితం. పెద్ద రైతు దగ్గర ఏడాది లెక్కన పనికి కుదిరినవాణ్ణి జీతగాడు అనేవారు. ఏడాది నిండాక ఉండాలా, మరో ఇంటికి పోవాలా అన్నది అతడు తేల్చుకోవలసిన విషయం. గడువు తీరాక వేరే ఇంట్లో కుదిరినవాణ్ణి ద్రోహి అనలేదు. గడువు నడుమ చెప్పకుండా పోతే మాత్రం మాట తప్పినట్టే లెక్కించేవారు. రాతకోతలు లేని ఆ ఒప్పందంలో సైతం గడువు, ప్రతిఫలం, మాట అనే మూడు అంగాలూ ఉన్నాయి.

ఇదే ప్రాంతం మరో రకమైన సంబంధాన్ని కూడా చూసింది. అప్పు తీరేవరకు, కొన్నిసార్లు తరతరాలుగా, ఒకే భూస్వామి కింద పనిచేయవలసిన భగేలా పద్ధతి నిజాం పాలనలోని తెలంగాణలో ఉండేది. 1936లో నిజాం ప్రభుత్వమే భగేలా ఒప్పందాలను నియంత్రించేందుకు చట్టం చేయవలసి వచ్చింది. జీతగాడికి, భగేలాకు ఉన్న భేదం పని బరువులో కంటే వెళ్లే స్వేచ్ఛలో ఉంది. వెళ్లే స్వేచ్ఛ లేనివాడు ఉండిపోవడాన్ని విశ్వాసమని పిలవలేం. కోట్ల రూపాయల ఆటగాడికీ వెట్టిమనిషికీ ఆర్థికస్థితిలో పోలిక లేదు. ఒప్పందం ఎక్కడ కట్టుబాటు, ఎక్కడ బంధనం అన్న తాత్త్విక ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే.

3. ఉద్యోగమే ఒప్పందమైన కాలం: హైదరాబాద్ సిటీ పోలీస్

హైదరాబాద్ ఫుట్‌బాల్ స్వర్ణయుగం సయ్యద్ అబ్దుల్ రహీం పేరుతో ముడిపడి ఉంది. 1943 నుంచి 1963 జూన్ 11న మరణించేవరకు ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు స్వర్ణపతకాలు సాధించినప్పుడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాద్ ఆటగాళ్లు ఉన్నారు.

నాటి భారత ఫుట్‌బాల్ అధికారికంగా ఔత్సాహిక క్రీడ. ఆటకు జీతం ఇచ్చే పద్ధతి లేదు. ఆటగాడికి పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, సైన్యంలోనో ఉద్యోగం ఉండేది. సిటీ పోలీస్ ఆటగాడు జట్టును విడిచిపెట్టాలంటే నెలజీతాన్ని, ఉద్యోగ భద్రతను, మున్ముందు రాబోయే పింఛనును కూడా విడిచిపెట్టాలి. ఈ కారణంగా ఆనాటి ఆటగాళ్ల స్థిరత్వాన్ని కేవలం విశ్వాసంగా కీర్తించడం అసమగ్రం. రహీం పట్ల శిష్యులకు ఉన్న గౌరవం, నగరంపై ప్రేమ నిజమైనవే. వాటికి ఉద్యోగ భద్రత అనే ఆధారం కూడా ఉంది. విశ్వాసమూ వేతనమూ ఒకే తాడులోని రెండు పేటలుగా పెనవేసుకున్న దశ అది. ‘ఆ రోజుల్లో డబ్బు చూసుకోకుండా ఆడేవారు’ అన్న నేటి వ్యాఖ్య ఆ రెండవ పేటను విస్మరిస్తోంది.

4. కలకత్తా వలస

పోలీసు ఉద్యోగం ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ ఇవ్వగల నగరం కలకత్తా. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులు హైదరాబాద్ ప్రతిభను దశాబ్దాలపాటు ఆకర్షించాయి. క్లబ్బులు మారదలచిన ఆటగాళ్లు ఏటా నిర్ణీత రోజుల్లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం కార్యాలయంలో సంతకాలు చేసేవారు. ఆ గడువుకు ముందు ప్రత్యర్థులకు చిక్కకుండా ఆటగాళ్లను క్లబ్బు ప్రతినిధులు రహస్యంగా దాచిన ఉదంతాలు కలకత్తా మైదానపు కథల్లో భాగమయ్యాయి. ఆటగాణ్ణి ఇంతగా కోరుకున్న ఆ వ్యవస్థ, గాయమో అనారోగ్యమో వచ్చాక అతడి బాధ్యతను ఏ కాగితంపైనా రాసుకోలేదు.

తులసీదాస్ బలరాం జీవితాన్ని ఇందుకు ఉదాహరణగా చూడవచ్చు. సికింద్రాబాద్ ప్రాంతపు అమ్ముగూడలో పేదకుటుంబంలో పుట్టిన ఆయన 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గోల్స్ చేశారు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు నాయకత్వం వహించి కలకత్తా లీగ్ గెలిపించారు. 1963లో రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.లో చేరారు. అనారోగ్యం వల్ల 27 ఏళ్ల వయసులోనే ఆట విరమించారు. ఆ తరువాత దాదాపు 60 ఏళ్లు జీవించి, పశ్చిమబెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న మరణించారు. పెద్ద క్లబ్బు నుంచి రైల్వే జట్టుకు మారడం కీర్తి కోణంలో వెనుకడుగుగా కనిపించవచ్చు. ఆట 27వ ఏట ముగిసిన మనిషి జీవితాన్ని బట్టి చూస్తే, ఉద్యోగంతో ముడిపడిన జట్టుకు ఉన్న విలువ ఏమిటో అర్థమవుతుంది.

మహమ్మద్ హబీబ్ ఉదాహరణ ఇంకొక కోణాన్ని చూపుతుంది. 1949లో హైదరాబాద్‌లో పుట్టిన హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, తరువాతి కాలంలో కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. ఉద్యోగం వైపు చూడకుండా ఆటనే జీవనాధారంగా ఎంచుకున్న తొలితరం భారతీయ ఆటగాళ్లలో ఆయనను చెప్పుకుంటారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించినప్పుడు గోల్ చేసినవారిలో ఆయన ఒకరు. మూడు క్లబ్బులు మారిన హబీబ్‌ను కలకత్తా అభిమానులు ద్రోహి అనలేదు. ‘బడే మియా’ అని ఆప్యాయంగా పిలుచుకున్నారు. ఏ చొక్కా వేసుకుంటే ఆ చొక్కా కోసం ప్రాణం పెట్టి ఆడతాడన్న నమ్మకమే ఇందుకు కారణం. నిబద్ధత అంటే జీవితాంతం ఒకే చోట ఉండడం కాదని, ఒప్పుకున్న కాలానికి పూర్తిగా కట్టుబడడమని హబీబ్ జీవితం నిరూపిస్తోంది. పల్లెలో జీతగాడి విషయంలో సమాజం పాటించిన కొలమానమూ ఇదే.

5. చట్టం గీసిన హద్దులు

వలసకాలంలో మాటమీద, పలుకుబడిమీద నడిచిన సంబంధం క్రమంగా లిఖిత ఒప్పందంగా మారింది. ఇంగ్లండ్‌లో 1961 వరకు ఆటగాడి జీతానికి వారానికి 20 పౌండ్ల గరిష్ఠపరిమితి ఉండేది. ఒప్పందకాలం ముగిసినా క్లబ్బు అనుమతి లేనిదే మరో క్లబ్బుకు ఆడే వీలు లేదు. న్యూకాసిల్ యునైటెడ్ ఆటగాడు జార్జ్ ఈస్ట్‌హామ్ వేసిన దావాలో 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ ఈ నిలుపుదల పద్ధతిని వృత్తిస్వేచ్ఛకు అన్యాయమైన ఆటంకంగా నిర్ణయించారు. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మాన్ కేసులో 1995 డిసెంబర్ 15న ఐరోపా న్యాయస్థానం మరింత ముందుకు వెళ్లింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు సభ్యదేశాల మధ్య క్లబ్బు మారేటప్పుడు బదిలీ రుసుము అడగరాదని తీర్పు చెప్పింది. ఈ రెండు తీర్పులు ‘గడువు తీరాక వెళ్లడం’ అనే మొదటి సందర్భాన్ని నింద నుంచి విముక్తం చేశాయి.

భారతీయ చట్టం దృష్టి కూడా ఇదే. 1872 నాటి భారతీయ ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తిని న్యాయమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే షరతు ఆ మేరకు చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్‌పై పర్సెప్ట్ డి’మార్క్ సంస్థ వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని క్రీడారంగానికి వర్తింపజేసింది. ఒప్పందకాలం ముగిసిన తరువాత కూడా క్రీడాకారుణ్ణి కట్టిపడేసే షరతును అమలుచేయడానికి నిరాకరించింది. వ్యక్తిగత నైపుణ్యంపై ఆధారపడిన సేవను బలవంతంగా చేయించే ఉత్తర్వులను న్యాయస్థానాలు ఇవ్వవని 1963 నాటి నిర్దిష్ట పరిష్కారాల చట్టం చెబుతోంది. ఆటగాడు ఒప్పందం తప్పితే నష్టపరిహారం అడగవచ్చు. అతణ్ణి మైదానంలోకి ఈడ్చుకువచ్చి ఆడించే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

అంతర్జాతీయ స్థాయిలో ఫిఫా రూపొందించిన ఆటగాళ్ల హోదా, బదిలీల నిబంధనలు రెండో, మూడో సందర్భాలను వేరుచేస్తాయి. ఒప్పందం గడువు ముగిసినప్పుడో, ఇరుపక్షాలూ అంగీకరించినప్పుడో ముగియాలన్నది సాధారణ సూత్రం. ఒప్పందంలో మరో 6 నెలల లోపు గడువు మాత్రమే మిగిలినప్పుడు ఆటగాడు కొత్త క్లబ్బుతో ముందస్తుగా సంతకం చేయవచ్చు. అంతకు ముందుగా, న్యాయమైన కారణం లేకుండా ఒప్పందం తెంచుకుంటే పరిహారం చెల్లించాలి. రక్షిత కాలంగా పేర్కొన్న తొలి సంవత్సరాల్లో ఈ ఉల్లంఘన జరిగితే ఆటగాడిపై 4 నెలలు, తీవ్రమైన సందర్భాల్లో 6 నెలలు నిషేధం విధించవచ్చు. 28 ఏళ్లు నిండకముందు కుదిరిన ఒప్పందానికి ఈ రక్షిత కాలం 3 ఏళ్లు, ఆ తరువాతి ఒప్పందానికి 2 ఏళ్లు. లాసానా డియారా కేసులో 2024 అక్టోబర్ 4న ఐరోపా న్యాయస్థానం ఈ పరిహారపు నియమాల్లో కొన్నింటిని ఐరోపా చట్టానికి విరుద్ధమని తేల్చడంతో ఫిఫా వాటిని సవరించవలసి వచ్చింది. ఒప్పందాన్ని కాపాడే నియమం వెళ్లే స్వేచ్ఛను పూర్తిగా మింగివేయరాదన్నది ఆ తీర్పు సారాంశం.

జీతం అందని సందర్భానికి 2018లో ప్రత్యేక నియమం చేరింది. క్లబ్బు కనీసం రెండు నెలల జీతం గడువుకు చెల్లించకపోతే, బకాయి తీర్చడానికి కనీసం 15 రోజుల వ్యవధినిస్తూ ఆటగాడు లిఖితపూర్వక నోటీసు ఇవ్వవచ్చు. ఆ గడువులోనూ చెల్లింపు జరగకపోతే ఒప్పందాన్ని తెంచుకోవడానికి అతడికి న్యాయమైన కారణం ఉన్నట్టే. అలా వెళ్లినవాడు పరిహారం చెల్లించనవసరం లేదు. పైగా పరిహారం కోరే హక్కు అతడికే ఉంటుంది. ఇక్కడ ఒప్పందాన్ని ఉల్లంఘించినది క్లబ్బు. ఆటగాడు చేసేది అప్పటికే విరిగినదాన్ని విరిగినట్టుగా ప్రకటించడమే.

6. ఒప్పందం నడుమ నిష్క్రమణ: రెండు ఉదాహరణలు

డబ్బుకూ మాటకూ నిజమైన సంఘర్షణ ఒప్పందం నడుమ వెళ్లినప్పుడే పుడుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సి తొలి సీజన్‌లోనే ఇటువంటి వివాదం ఎదురైంది. స్పెయిన్ ఆటగాడు నెస్టర్ గోర్డిల్లో చెన్నై సిటీ ఎఫ్‌సితో ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు చెందిన ఆటగాళ్ల హోదా సంఘం నిర్ణయించి 4 నెలల నిషేధం విధించింది. ఫలితంగా హైదరాబాద్‌కు వచ్చిన ఆయన 2019-20 సీజన్‌లో కొంతభాగం ఆటకు దూరమయ్యారు.

రెండవ ఉదాహరణ 2024లో దేశవ్యాప్తంగా చర్చకు వచ్చిన అన్వర్ అలీ వివాదం. ఢిల్లీ ఎఫ్‌సి నుంచి దీర్ఘకాలిక అరువు ఒప్పందంపై మోహన్ బగాన్‌కు ఆడుతున్న ఆ రక్షణ ఆటగాడు ఆ ఒప్పందాన్ని తెంచుకుని, దాని ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 2024 సెప్టెంబర్‌లో సమాఖ్య సంఘం ఆయనపై 4 నెలల నిషేధాన్ని, ఆయనతో పాటు ఈస్ట్ బెంగాల్, ఢిల్లీ ఎఫ్‌సి కలిసి చెల్లించవలసిన 12.90 కోట్ల రూపాయల పరిహారాన్ని ప్రకటించింది. విషయం ఢిల్లీ హైకోర్టుకు చేరడంతో ఆ ఉత్తర్వును ఉపసంహరించి, కొత్తగా విచారణ జరపడానికి సమాఖ్య అంగీకరించింది.

వీధి చర్చల్లో ఇటువంటి వివాదాలు ‘డబ్బా, విశ్వాసమా’ అన్న ప్రశ్నగా నడుస్తాయి. విచారణలో తేలవలసిన ప్రశ్న మాత్రం ‘ఒప్పందం అమల్లో ఉందా, దాన్ని తెంచడానికి న్యాయమైన కారణం ఉందా’ అన్నదే. ఎక్కువ డబ్బు కోరుకోవడం నేరం కాదు. ఇచ్చిన మాటను గడువు తీరకముందే తప్పడం మాత్రం ప్రతిఫలం చెల్లించవలసిన తప్పు. అలాగే ఈ తప్పులో ఆటగాడొక్కడే భాగస్వామి కాడు. అతణ్ణి పిలిచిన కొత్త క్లబ్బుకూ బాధ్యత ఉందని పరిహారంలో దానికీ వాటా వేసే నియమం గుర్తిస్తోంది.

7. జీతం అందని నిష్క్రమణ: హైదరాబాద్ ఎఫ్‌సి

2014లో మొదలైన ఎఫ్‌సి పుణె సిటీ మూతపడగా, ఆ స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సి ఏర్పడింది. గచ్చిబౌలిలోని బాలయోగి మైదానం దాని సొంతగడ్డ. తొలి సీజన్‌లో 10 జట్లలో చివరిస్థానం దక్కింది. మనోలో మార్క్వెజ్ శిక్షణలో క్లబ్బు వేగంగా ఎదిగింది. 2021-22లో 18 గోల్స్‌తో బార్తొలొమ్యూ ఒగ్‌బెచె లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడిగా నిలవగా, క్లబ్బు విజేత అయింది. 2022-23 లీగ్ పట్టికలో రెండవ స్థానం సాధించింది.

2023లో మార్క్వెజ్ గోవాకు వెళ్లారు. ఆ తరువాతి సీజన్‌లో జీతబకాయిల సంక్షోభం బయటపడింది. క్లబ్బును విజేతగా నిలపడంలో ప్రధానపాత్ర వహించిన ఒగ్‌బెచెకు చెల్లించవలసిన బకాయి విషయంలోనే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోరాదన్న ఫిఫా నిషేధం క్లబ్బుపై పడింది. విదేశీ ఆటగాళ్లు ఒప్పందాలు తెంచుకున్నారు. 2024 జనవరిలో మహమ్మద్ యాసిర్ ఎఫ్‌సి గోవాకు, చింగ్లెన్‌సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరు ఎఫ్‌సికి వెళ్లారు. బ్రెజిల్‌కు చెందిన కెప్టెన్ జొవావ్ విక్టర్ ఏకైక విదేశీ ఆటగాడిగా మిగిలి, ఎక్కువగా యువకులతో నిండిన జట్టును నడిపించారు. ఆ సీజన్‌లో దక్కిన ఒక్క గెలుపు 2024 మార్చిలో చెన్నైయిన్ ఎఫ్‌సిపై సాధించినది.

ఈ ఉదంతంలో మూడు అంశాలు గమనించదగినవి.

మొదటిది, కాలం. ఫుట్‌బాల్ ఆటగాడి వృత్తిజీవితం సాధారణంగా పదిహేనేళ్లకు మించదు. బలరాం విషయంలో అది 27 ఏళ్లకే ముగిసింది. అధ్యాపకుడికి ఆలస్యంగానైనా అందిన బకాయి చాలావరకు నష్టాన్ని పూడుస్తుంది. ఆటగాడు పోగొట్టుకున్న సీజన్ మాత్రం తిరిగి రాదు. రెండు నెలల బకాయి, 15 రోజుల నోటీసు అనే చిన్న గడువులు తొందరపాటుగా కనిపించినా, వాటి వెనుక ఉన్న న్యాయం ఇదే.

రెండవది, శిక్ష ఎవరిమీద పడిందన్నది. నమోదు నిషేధం క్లబ్బును దారికి తెచ్చేందుకు ఉద్దేశించినది. ఆచరణలో దాని భారం మైదానంలో మిగిలిన యువకులపై పడింది. వెళ్లినవారి స్థానాల్లో అనుభవజ్ఞులను తీసుకునే వీలు లేక, ఇంకా సిద్ధం కాని కుర్రవాళ్లు వారంవారం ఓటములు మోశారు. యజమాని తప్పుకు ఆటగాడు మూల్యం చెల్లించే ఈ వైపరీత్యం ప్రస్తుత నిబంధనల్లోని పెద్దలోపం. బకాయిలకు సరిపడే పూచీసొమ్మును సీజన్‌కు ముందే లీగు వద్ద జమ చేయించుకునే ఏర్పాటు పటిష్ఠంగా ఉంటే శిక్ష అవసరమయ్యేలోపే జీతం అందేది.

మూడవది, పరిష్కార మార్గాల్లోని అసమానత. ఆటగాడికి ఫిఫా ఉంది, సమాఖ్య సంఘం ఉంది, 2006లో ఏర్పడిన భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం ఉంది. మైదానాన్ని చూసుకునేవారికి, దుస్తులు ఉతికేవారికి, బస్సు నడిపేవారికి ఈ తలుపులేవీ లేవు. వారు సాధారణ కార్మిక చట్టాల దారి పట్టవలసిందే. క్లబ్బు చెల్లింపులు ఆపినప్పుడు వారి జీతం ఎవరి పత్రికాశీర్షికా కాదు. విశ్వాసాన్ని గురించిన చర్చ పెద్ద ఆటగాళ్ల దగ్గరే ఆగిపోతే ఈ మనుషులు చర్చలోకే రారు.

8. ఉండిపోయినవారు, తరలిపోయిన క్లబ్బు

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉంది. కొందరు కష్టకాలంలోనూ ఉండిపోయారు కదా, అలాంటప్పుడు వెళ్లినవారిని తక్కువగా చూడడంలో తప్పేమిటి? ఉండిపోయినవారి శ్రమను గౌరవించవలసిందే. అయితే ఒకరి త్యాగం మరొకరి బాధ్యతగా మారదు. అదీగాక ఉండిపోవడానికి కారణాలు అనేకం. ఆడే అవకాశం కోసం ఉండే కుర్రవాడు ఉంటాడు, వేరే పిలుపు రానివాడు ఉంటాడు, సహచరులను వదల్లేనివాడూ ఉంటాడు. జీతం అందుతున్నప్పుడు వెళ్లగలిగీ ఉండిపోయినవాడి నిబద్ధత స్పష్టంగా కనిపిస్తుంది. జీతం ఆగినప్పుడు త్యాగమూ నిస్సహాయతా బయటికి ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసే సాధనం మన దగ్గర లేదు. ఆ స్థితిలో ఆటగాడి విశ్వాసాన్ని కొలవబోవడమే పద్ధతి రీత్యా దోషం.

క్లబ్బు నిబద్ధతను మాత్రం కొలవవచ్చు. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు హైదరాబాద్ ఎఫ్‌సి యాజమాన్యాన్ని చేపట్టింది. 2025లో క్లబ్బు దేశ రాజధానికి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. పుణె స్థానంలో వచ్చిన క్లబ్బు 6 ఏళ్లకు ఢిల్లీ దారి పట్టింది. వ్యాపారపరంగా ఇది యాజమాన్యపు హక్కు. దీన్ని ఎవరూ చట్టవిరుద్ధమనలేదు. కానీ నగరాన్ని, పేరును, అభిమానులను విడిచి క్లబ్బే వెళ్లగలిగినప్పుడు, వెళ్లడమనే చర్యను ఆటగాడి విషయంలో మాత్రమే నైతిక పతనంగా చూడడం న్యాయం కాదు. గచ్చిబౌలి మైదానంలో పసుపు చొక్కాలతో కూర్చున్న అభిమానులు ఈ కథలో ఏ ఒప్పందమూ లేకుండా కట్టుబడినవారు. విశ్వాసం అనే మాటకు అందరికంటే ఎక్కువ అర్హులు వారే. నష్టపరిహారం అడిగే వేదిక ఏదీ లేనివారూ వారే.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. ఒప్పందం ముగిశాక ఎక్కువ జీతానికి వెళ్లడం ఆటగాడి హక్కు. హబీబ్ వంటివారి జీవితాలు ఇది నిబద్ధతకు విరుద్ధం కాదని నిరూపించాయి.

2. ఒప్పందం నడుమ న్యాయమైన కారణం లేకుండా వెళ్లడం మాట తప్పడమే. దానికి పరిహారం ఉంది, శిక్ష ఉంది. ఆటగాణ్ణి ఆకర్షించిన క్లబ్బు కూడా ఇందులో బాధ్యురాలే.

3. జీతం అందక వెళ్లడాన్ని పై రెండింటితో కలిపి చూడరాదు. అక్కడ మాట తప్పినది యాజమాన్యం.

4. సిటీ పోలీస్ కాలపు స్థిరత్వం వెనుక గురుభక్తితో పాటు ఉద్యోగ భద్రత ఉంది. గతాన్ని డబ్బు లేని స్వర్ణయుగంగా చిత్రించి వర్తమానాన్ని నిందించడం చరిత్రకు అన్యాయం.

5. నమోదు నిషేధం వంటి శిక్షలు మిగిలిన ఆటగాళ్లపై భారం మోపుతున్నందున ముందస్తు పూచీసొమ్ము వంటి నివారణ చర్యలు మేలు. ఆటగాళ్లు కాని సిబ్బందికి కూడా ఆ రక్షణ విస్తరించాలి.

తెలుగు వ్యాకరణాల్లోని ప్రకృతి-వికృతుల పట్టికలో ‘జీవితం’ అనే ప్రకృతికి వికృతిగా ‘జీతం’ కనిపిస్తుంది. పాఠశాలలో మనం వల్లెవేసిన ఆ జంటపదాలను ఫుట్‌బాల్ ఒప్పందాల పక్కన ఉంచి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ఆటగాడు జీతం అడిగినప్పుడు అతడు అడుగుతున్నది తన జీవితంలో క్లబ్బు వాడుకున్న సంవత్సరాలకు లెక్క. ఆ లెక్క తీర్చిన క్లబ్బు విశ్వాసాన్ని అడగవచ్చు. తీర్చని క్లబ్బుకు ఆ హక్కు లేదు.